రెండోవాడు లేని ఇల్లు

మంగళవారం, శనివారం మా గుడికి వచ్చేవాళ్ళలో కొంతమంది పిల్లల్ని చంకనేసుకుని వస్తారు. "రాత్రి దడుసుకున్నాడు పంతులుగారూ, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, కాస్త సింధూరం పెట్టండి" అంటారు. స్వామి పాదాల దగ్గర సింధూరం తీసి నుదుట పెట్టి, పూజలోని తమలపాకు ఒకటి చేతికిచ్చి పంపిస్తాను. మా నాన్నగారూ అదే చేసేవారు. దేనికి దడుసుకున్నాడని అడగడం మాత్రం మా ఇంటి అలవాటు. నాన్నగారి రోజుల్లో వచ్చే జవాబులు చెరువుగట్టు, చింతచెట్టు, శ్మశానం పక్క డొంకదారి. తర్వాత సినిమాలు చేరాయి. 'కాష్మోరా' వచ్చినప్పుడు కొందరు, 1992లో రామ్‌గోపాల్‌వర్మ 'రాత్రి' వచ్చినప్పుడు కొందరు. 2009 జనవరిలో 'అరుంధతి' వచ్చాక సోనూసూద్ అనే పంజాబీ కుర్రాడి పుణ్యమా అని మా గుళ్ళో సింధూరం డబ్బా తొందరగా ఖాళీ అయింది.

ఇప్పుడు సినిమా చూసి దడుసుకుని వచ్చే పిల్లలు తగ్గారు. పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళ వాళ్ళు మాత్రం వస్తున్నారు. సింధూరం అడగరు. ప్రదక్షిణలు చేసి, జనం పలచబడ్డాక మంటపంలో కూర్చుని, నిద్ర పట్టడం లేదంటారు. దేనికి భయమని అడిగితే తెలియదంటారు. వీళ్ళు చూసే దెయ్యం సినిమాల్లోనూ దెయ్యం కనబడదు.

ఈ సంగతి నేను ఎవరితోనైనా అంటే ఒకటే మాట చెబుతారు: అది అభిరుచిలో తేడా అని. పాతవాళ్ళకి గజ్జెల చప్పుడు, తెల్లచీర, నిమ్మకాయలు కావాలి, చదువుకున్న కుర్రకారుకి సున్నితమైన సినిమా కావాలి అని. అమెరికాలో ఇదే ఫిర్యాదు తిరగేసి చెబుతారు. అక్కడ ముసలివాళ్ళే మా రోజుల్లో చూపించకుండా భయపెట్టేవారని వాపోతారు, కుర్రాళ్ళకు ఓపిక లేదని, ఫోన్లు పాడు చేశాయని అంటారు. రెండు చోట్లా ఇంత నమ్మకంగా ఎదురుబొదురు మాటలు చెబుతున్నారంటే అసలు విషయం ఓపికలోనూ లేదు, చదువులోనూ లేదు.

నేను అర్చకుణ్ణే గాని సినిమా పిచ్చివాణ్ణి. పొద్దున స్వామి సేవ, రాత్రి సెకండ్ షో. ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలో ఫిలాసఫీ ఎం.ఏ. కూడా కట్టాను, అది వేరే కథ. మా చిన్నమ్మాయి హైదరాబాద్‌లో సినిమాలకు సౌండ్ ఎడిటింగ్ చేస్తుంది. తను పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన పాత సినిమాల వల్ల నాకు వాల్ ల్యూటన్ పరిచయమయ్యాడు. 1942లో ఆర్‌కేఓ స్టూడియో ఆయనకు కొద్దిపాటి డబ్బు, 'క్యాట్ పీపుల్' అనే పేరు ముందే చేతిలో పెట్టి సినిమా తీసుకోమంది. పులివేషాలు కట్టించడానికి ఆ డబ్బు చాలదు. దర్శకుడు ఝాక్ టూర్నర్‌తో కలిసి ఆయన ఒక గోడ, నాలుగు వీధిదీపాలు, ఒక ఆడమనిషి చెప్పుల చప్పుడు పెట్టుకున్నాడు. ఆమె రాత్రిపూట ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక ఇంకో జత చెప్పుల చప్పుడు. కాసేపటికి వెనక చప్పుడు ఆగిపోతుంది. అక్కడ మొదలవుతుంది భయం, చప్పుడు వినిపించినంతసేపూ కాదు. ఆమె నడక పెంచుతుంది, వెనక్కి చూస్తుంది, ఎవరూ లేరు. ఒక్కసారిగా మృగం బుస కొట్టినట్టు శబ్దం. చూస్తే సిటీ బస్సు బ్రేకు వేసి ఆగింది. ఇప్పటికీ ఎడిటర్లు ఇలాంటి అదిరింపుని 'బస్' అనే అంటారట. ఈ సినిమాకి ఎగబడి వచ్చినవాళ్ళు పండితులేం కాదు, యుద్ధం రోజుల్లో పని దిగి వచ్చిన మామూలు జనం. స్టూడియోకి బాగా డబ్బులొచ్చాయి.

ల్యూటన్ దగ్గర పని నేర్చిన రాబర్ట్ వైజ్ 1963లో 'ది హాంటింగ్' తీశాడు. అందులో దెయ్యం ఒక్కసారి కూడా కనబడదు. చీకట్లో ఒక అమ్మాయి భయంతో పక్కమనిషి చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది, దీపం వెలిగాక చూస్తే ఆ పక్కమనిషి గదికి ఆ చివర మంచం మీద ఉంటుంది. అంతే. 1999లో ఇదే కథని మళ్ళీ తీసి, కంప్యూటర్ బొమ్మలతో ఇంటి గోడలనీ శిల్పాలనీ ఆడించి అన్నీ చూపించారు. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. అలాగని అమెరికా ప్రేక్షకులంతా చూపించనిదాన్నే మెచ్చారా అంటే, అదీ లేదు. 2018లో 'హెరెడిటరీ'ని విమర్శకులు ఆకాశానికెత్తితే, మొదటి ఆటలు చూసి వచ్చినవాళ్ళ చేత మార్కులు వేయించే సినిమాస్కోర్‌లో దానికి 'డి ప్లస్' వచ్చింది. డబ్బిచ్చి భయం కొనుక్కోవడానికి వెళ్ళినవాళ్ళకు ఒక ఇంట్లో చావు పెట్టిన దుఃఖం చేతికిచ్చారు మరి, ఎవరికైనా కోపమే.

మా ఇంట్లో మూడు తరాలున్నాయి. మా అమ్మకు ఎనభై దాటాయి. 'అరుంధతి' టీవీలో ఎప్పుడొచ్చినా కదలదు. జేజమ్మ తన ప్రాణం విడిచి, తన ఎముకతో చేసిన ఆయుధం మళ్ళీ జన్మలో తన చేతికే అందేలా చేసుకోవడం ఆమెకు కొత్తగా అనిపించదు. దధీచి మహర్షి కథ ఆమెకు తెలుసు, ఇంద్రుడి వజ్రాయుధం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు. మధ్యలో ఫకీరు పాత్ర వచ్చి సాయం చేసినా ఇబ్బంది లేదు, మా వీధిలో జ్వరం తగ్గకపోతే పీర్ల చావిడికి వెళ్ళి నెమలీకతో కొట్టించుకుని రావడం ఆమె చిన్నప్పటి నుంచీ చూసిందే. ఆ సినిమా ఆమెకు పురాణం. దుష్టుడెవరో తెలుసు, వాడికేం కావాలో తెలుసు, వాణ్ణి ఎలా చంపాలో శాస్త్రంలో ఉంది.

సంక్రాంతికి అమ్మాయి వచ్చినప్పుడు ముగ్గురం కూర్చుని మలయాళం 'భూతకాలం' చూశాం. రాహుల్ సదాశివన్ తీసినది, 2022 జనవరిలో సోనీలివ్‌లో వచ్చింది. 'రాత్రి'లో దెయ్యం పట్టిన పిల్లగా వేసిన రేవతి ముప్ఫై ఏళ్ళకి ఇందులో తల్లి. అద్దె ఇల్లు, మనసు బాగుండని తల్లి, ఫార్మసీ చదివి ఉద్యోగం దొరకని కొడుకు, మంచాన పడి పోయిన అమ్మమ్మ. దెయ్యం ఉందా, కొడుక్కి మతి చెదిరిందా, తల్లి రోగం కొడుక్కి వచ్చిందా అని సినిమా చాలాసేపు తేల్చదు. మా అమ్మకు కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు తెలియవు కాబట్టి అమ్మాయి పక్కన కూర్చుని చెబుతోంది.

"దెయ్యం ఇంకా రాలేదేమే?" అంది అమ్మ సగంలో.

"వచ్చిందో లేదో తెలియకపోవడమే కథ బామ్మా."

"ఆ ముసలావిడకి పన్నెండో రోజు చేశారా?"

"అది కథకి అక్కర్లేదు బామ్మా."

"అక్కర్లేకపోవడమేమిటే? పోయినావిడకి జరగాల్సింది జరగకపోతే ఇంట్లో తిరగక ఎక్కడికి పోతుంది? ఇంత గోల పడే బదులు ఎవర్నైనా పిలవచ్చుగా?"

అమ్మాయి నవ్వి రిమోట్ పక్కన పెట్టింది. నేను నవ్వలేదు. మా అమ్మ అడిగినది తెలియక అడిగినది కాదు. మన వాళ్ళ లెక్కలో పోయిన మనిషి వెంటనే పితృదేవత కాడు. మధ్యలో కొన్నాళ్ళు ప్రేతం. అక్కడా కాదు, ఇక్కడా కాదు. ఆకలి ఉంటుంది, తినడానికి నోరుండదు. రోజుకో పిండంతో ఆ ప్రేతానికి ఒక్కొక్క అవయవం చొప్పున శరీరం కడతారు. పన్నెండో రోజున సపిండీకరణంలో ఆ పిండాన్ని తీసుకెళ్ళి పైమూడు తరాల పిండాల్లో కలిపేస్తారు. ఆ క్షణం నుంచి ఆ మనిషి ప్రేతం కాదు, ఇంటి పెద్ద. ఇదంతా గోత్రం చెప్పి, పేరు చెప్పి చేస్తారు. ఆ లెక్కన దెయ్యం అంటే పేరూ గోత్రం ఉండి, ఎవరో చేయాల్సిన పని చేయకపోవడం వల్ల ఆగిపోయిన మనిషి. భయమే, కాదనను. కానీ దానికి చేయాల్సిన పని ఉంది, చేసేవాడు పక్క వీధిలో ఉన్నాడు. మా అమ్మ సినిమాలో దెయ్యాన్ని చూపించమని అడగడం మోటుతనం కాదు. ఎవరో తెలిస్తే గదా, సాగనంపడం.

మా తరం సంగతి వేరు. మేం బేరగాళ్ళం. ఎనభైల్లో యండమూరి 'తులసిదళం' వారవారం వస్తుంటే వంతులేసుకుని చదివినవాళ్ళం. ఒకే పసిపిల్ల కోసం ఒక పక్క డాక్టర్లు, ఇంకో పక్క మంత్రగాళ్ళు పోరాడతారు, ఎవరి వల్ల బతికిందనుకుంటే వాళ్ళ వల్లే. ఆ వీలు మాకు ఎంతో నచ్చింది. ఫాజిల్ 1993లో తీసిన 'మణిచిత్రతాళ్' కూడా మా తరం సినిమానే, 'చంద్రముఖి'గా మన దగ్గరికి 2005లో వచ్చింది. అందులో అమ్మాయికి పట్టింది దెయ్యం కాదు, మనసు చీలిపోయిందని డాక్టరుకి తెలుసు. అయినా తంత్రి సాయం తీసుకుంటాడు, ముగ్గు వేయిస్తాడు, హోమగుండం పెట్టిస్తాడు, చివరికి పలక తిప్పి మనిషి బదులు బొమ్మను ఆమె కత్తి కిందకి పంపిస్తాడు. వైద్యం తంతు వేషం వేసుకుని గెలిచింది. శుక్రవారం స్కానింగుకు వెళ్ళి శనివారం నా దగ్గరికి వచ్చే జనానికి అంతకంటే హాయి ఏముంది? నాకూ హాయిగానే ఉంది. అందులో మోసం కూడా నాకు కనబడదు.

అమ్మాయి తరానికి ఈ బేరం కుదరడం లేదు. తను నాకు చూపించిన వాటిల్లో నాకు బాగా పట్టుకున్నది 1961 నాటి 'ది ఇన్నొసెంట్స్'. హెన్రీ జేమ్స్ కథ, జాక్ క్లేటన్ దర్శకుడు. ఒక పెద్ద బంగళాలో ఇద్దరు పిల్లలకి చదువు చెప్పడానికి వచ్చిన మిస్ గిడెన్స్‌గా డెబొరా కెర్ వేసింది. మొదలే విచిత్రం: కంపెనీ బొమ్మ కూడా పడకముందు నల్లటి తెర మీద చిన్నపిల్ల గొంతులో పాట. మా ఊరి థియేటర్లో అయితే ఆపరేటర్‌ని తిట్టి ఉండేవాళ్ళు. తర్వాత ఒక సన్నివేశం. పట్టపగలు. కొలను పక్కన మంటపంలో గిడెన్స్, చిన్నపిల్ల ఫ్లోరా. పిల్ల తనలో తాను ఏదో పాడుకుంటోంది. గిడెన్స్ తలెత్తి చూస్తే కొలను అవతల, రెల్లుదుబ్బుల మధ్య, నల్లబట్టల్లో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ముందుకు రాదు, అరవదు, చేతులు చాపదు. సంగీతం అదిరిపడదు. అంత దూరాన ఊరికే నిలబడి ఉంటుంది. చచ్చిపోయిన పాత టీచరు. పిల్లకి కనబడిందా, కనబడి అబద్ధం ఆడుతోందా, గిడెన్స్‌కి మాత్రమే కనబడిందా? ఇంకోచోట ఆ మనిషి చదువుల గదిలో బల్ల దగ్గర కూర్చుని ఏడుస్తుంటుంది. గిడెన్స్ దగ్గరికి వెళ్ళేసరికి ఎవరూ ఉండరు. పలక మీద ఒక నీటిచుక్క. వేలితో ముట్టుకుంటే తడి.

ఆ చుక్క గురించి నేను, అమ్మాయి చాలాసేపు వాదించుకున్నాం. ఆ చుక్క ఉంది కాబట్టి దెయ్యం ఉన్నట్టేనని నేను. ముట్టుకున్నది గిడెన్స్ వేలు, చూసింది గిడెన్స్ కన్ను, మనం ఆమె కంట్లోంచి బయటికి ఎప్పుడు వచ్చాం నాన్నా అని తను. గిడెన్స్ పాస్టరు గారి కూతురు. పాపం, సైతాను, రక్షణ అన్నీ పుస్తకంలో ఉన్న ఇంట్లో పెరిగింది. పిల్లల్ని రక్షిస్తానని ప్రార్థన చేస్తూనే వాళ్ళలో పిల్లవాణ్ణి చావు దాకా తీసుకెళుతుంది. వదిలించాల్సింది ఏదో తేలకుండా వదిలించడానికి పూనుకుంటే ఏమవుతుందో ఆ సినిమా చెబుతుంది. నా వృత్తిలో ఉన్నవాడు చూడదగ్గ సినిమా.

ఇలాంటి చోట వ్యాసం రాసేవాళ్ళు ఆనందవర్ధనుణ్ణి, ధ్వని సిద్ధాంతాన్ని ఎత్తుకుంటారు. నేను ఎత్తుకోను. మంచి పద్యానికీ మంచి దెయ్యం సినిమాకీ చెప్పనిదే గొప్పదంటే ఇక చర్చ అక్కడితో ఆగిపోతుంది. నాకు భరతుడి జాబితా ఎక్కువ పనికొచ్చింది. భయానక రసానికి నలుపు రంగు, కాలుడు అధిదేవత. అది దేనివల్ల పుడుతుందో చెబుతూ భరతుడు మొదట పెట్టింది వికృతమైన శబ్దాన్ని. తర్వాతే భూతాలు కనబడటం, నక్కలు, గుడ్లగూబలు, ఎవరూ లేని ఇళ్ళు, అడవులు. ఆ వరస చెప్పినప్పుడు అమ్మాయి సంబరపడింది, మా డిపార్ట్‌మెంట్‌కి మొదటి స్థానం ఇచ్చాడే అని. నాకు మాత్రం శబ్దం కన్నా ఎవరూ లేని ఇల్లు అన్న మాట దగ్గర మనసు ఆగింది. భూతాన్ని చూస్తే భయం సరే. ఎవరూ లేని ఇల్లు చూస్తే భయమెందుకు? అక్కడ ఎవరూ లేరు గదా.

ఈ ప్రశ్నకి బృహదారణ్యకోపనిషత్తు మొదటి అధ్యాయంలో ఒక జవాబుంది. సృష్టికి ముందు ఒక్కడే ఉన్నాడు. చుట్టూ చూసుకున్నాడు, తను తప్ప ఎవరూ లేరు. భయపడ్డాడు. ఒంటరిగా ఉన్నవాడికి ఇప్పటికీ భయమేయడం అందుకేనట. తర్వాత ఆలోచించుకున్నాడు: నేను తప్ప రెండోది లేనప్పుడు నేను భయపడేది దేనికి? భయం పోయింది. భయం రెండోదాని వల్లే కలుగుతుంది గదా అని ఉపనిషత్తు తేల్చింది. మా పాఠాల్లో ఇది అద్వైతానికి పట్టుగొమ్మ. ఉపన్యాసకులంతా ఇక్కడ ఆగి చప్పట్లు కొట్టించుకుంటారు. ఆ తర్వాతి మంత్రం ఎవరూ చెప్పరు. భయం పోయినవాడికి సంతోషం కలగలేదు. ఒంటరిగా ఉన్నవాడికి సంతోషం ఉండదు. అందుకని వాడు రెండోవాణ్ణి కోరుకున్నాడు.

రెండోవాడుంటే భయం, లేకపోతే దిగులు. మా అమ్మ భయమంతా మొదటి మంత్రంలో ఉంది. ఇంట్లో రెండోది ఉంది, దాన్ని సాగనంపడానికి మూడోవాణ్ణి, స్వామిని పిలుస్తుంది. సింధూరం పనిచేసేది అక్కడ. అమ్మాయి చూసే సినిమాలు రెండో మంత్రం దగ్గర మొదలవుతాయి. రెండోది లేదని చదువు, సైన్సు, ఊరు విడిచి వచ్చిన బతుకు వాళ్ళకి ముందే చెప్పేశాయి. ఏ అద్వైతం చదవకుండానే రెండోది లేని చోటికి వచ్చేశారు, అక్కడ ఆనందం మాత్రం దొరకలేదు. వాళ్ళ సినిమాల్లో గది తలుపు మెల్లగా తెరుచుకుంటే ఎవరో ఉన్నారేమోనని భయం సగం. ఎవరూ లేరేమోనని మిగతా సగం.

ఇది నాకు సినిమా చూస్తే తెలియలేదు. 2021లో ఏప్రిల్, మే నెలల్లో కరోనాతో పోయినవాళ్ళని ఇళ్ళకి తేలేదు. ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఆసుపత్రి నుంచి అటే తీసుకుపోయారు. కర్మలు వీడియోలో జరిగాయి, కొందరికి అవీ లేవు. ఆ మరుసటేడు ఒక కుర్రాడు వచ్చి మంటపంలో కూర్చున్నాడు. కంప్యూటర్ ఉద్యోగం, తండ్రి ఆ నెలల్లోనే పోయారు, ముఖం కూడా చూడలేదు. రాత్రిళ్ళు హాల్లో కుర్చీ చూస్తే భయమేస్తోందన్నాడు. నాన్నగారు కలలోకి వస్తున్నారా, కనబడుతున్నారా అని మామూలుగా మేం అడిగే ప్రశ్న అడిగాను.

"వస్తారని కాదండీ నా భయం, రారని" అన్నాడు.

అతనికి నేను గయ చెప్పాను, ఆబ్దికం తిథి చూసి రాసిచ్చాను, చేయించుకున్నాడు కూడా. దాంతో నిద్ర పట్టిందో లేదో నాకు చెప్పలేదు. ఇలాంటి కుర్రాళ్ళు 'అరుంధతి' చూసి నవ్వుతారు, 'భూతకాలం' చూసి పడుకోలేరు. ఇది అభిరుచి అంటే నేను ఒప్పుకోను.

సినిమాని ఎలా చూస్తున్నారన్నదీ ఇందులో ఉంది. అభినవగుప్తుడు భయానకానికి శాకుంతలంలో రాజు బాణానికి పారిపోయే లేడిని ఉదాహరణగా తీసుకుని, ప్రేక్షకుడు అనుభవించే ఆ భయం లేడిదీ కాదు, నటుడిదీ కాదు, చూసేవాడి సొంతమూ కాదు, ఎవరిదీ కాని భయం కాబట్టే రసమవుతుందన్నాడు. వెయ్యిమంది కూర్చున్న థియేటర్లో ఇది జరుగుతుంది. నేలలో ఎవడో కేక వేస్తాడు, బాల్కనీలో నవ్వుతారు, భయం అందరికీ తలా కాస్త పంచినట్టవుతుంది. అద్దెగదిలో రాత్రి రెండింటికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కతే చూసే పిల్లకి ఆ భయం ఎవరిదో తెలిసిపోతుంది. అది తనదే. దాన్ని పంచుకునే పక్కసీటు లేదు.

అలాగని చూపించకపోవడం దేవుడు లేని తరం కనిపెట్టిన విద్య అనుకుంటే నేను ఊరుకోను. అది మా విద్య. జర్మనీలో రుడాల్ఫ్ ఓటో అనే వేదాంతి 1917లో పవిత్రత గురించి ఒక పుస్తకం రాశాడు. దేవుడి ముందు మనిషికి కలిగే గగుర్పాటుకీ, దెయ్యం కథ వింటే వెన్నులో పుట్టే చలికీ చుట్టరికం ఉందని, రెండోది మొదటిదానికి దూరపు, మోటు రూపమని ఆయన వాదన. ఆ గగుర్పాటును కళలో తేవడానికి మూడు దారులన్నాడు: మసక చీకటి, నిశ్శబ్దం, శూన్యం. ఇది చదివినప్పుడు ఈయన మా గర్భగుడిలోకి తొంగి చూసి రాశాడా అనిపించింది.

గర్భగుడికి కిటికీ ఉండదు. పాత గుళ్ళో పగలు పన్నెండింటికి కూడా గుమ్మం దాటితే చీకటే. నూనె పట్టి పట్టి నల్లబడిన రాయి, రెండు ప్రమిదలు. బయటి ఎండలోంచి వచ్చినవాడికి మొదట ఏమీ కనబడదు. అర్చకుడు కర్పూరం వెలిగించి పాదాల దగ్గర మొదలుపెడతాడు. పాదం, మోకాలు, గద పట్టిన చెయ్యి, ఒక్కొక్కటీ చీకట్లోంచి వచ్చి చీకట్లోకి పోతాయి. ముఖం దగ్గర హారతి నిలిపేది రెండు క్షణాలు. అందులోనే ఆ కన్ను మనల్ని చూస్తుంది. ఎక్కువసేపు నిలిపితే అది రాయి. ఎంతసేపు నిలపాలో నాన్నగారు నాకు మాటల్లో చెప్పలేదు, మోచెయ్యి పట్టుకుని తిప్పి నేర్పారు. నైవేద్యానికి తెర వేస్తాం. స్వామి భోంచేస్తుంటే ఎవరూ చూడకూడదని జనం అనుకుంటారు. తెర ఉండబట్టే లోపల భోంచేసేవాడు ఉన్నాడని వాళ్ళకి అనిపిస్తుందని నేను అనుకుంటాను.

ఆమధ్య ఒక భక్తుడు, మంచివాడే, స్వామి వెనకాల తిరిగే ఎల్ఈడీ చక్రం, పైన రెండు ఫోకస్ లైట్లు చేయించి పెట్టాడు. గోడలకి తెల్ల టైల్స్ కూడా వేయిస్తానన్నాడు, అంతవరకు ఆపగలిగాను. చక్రం ఎర్రగా, పచ్చగా, నీలంగా తిరుగుతుంటే స్వామి బాగా కనబడుతున్నాడని జనానికి సంతోషం. 1999లో 'ది హాంటింగ్'ని మళ్ళీ తీసినవాళ్ళు గుర్తొచ్చారు నాకు. స్విచ్చి మాత్రం నా చేతి కిందే ఉంది. దాత ఊళ్ళో లేనప్పుడు అది వెలగదు. తమాషా ఏమిటంటే, దీపాలు ఆర్పిన రోజు బాగుందని చెప్పేది ఆ నిద్ర పట్టని కుర్రకారే. పెద్దవాళ్ళు కరెంటు పోయిందా అని అడుగుతారు. పెద్దవాళ్ళని తప్పుపట్టను, స్వామి ఉన్నాడని తెలిసినవాళ్ళకి ఆయన్ని బాగా చూడాలని ఉంటుంది. ఉన్నాడో లేడో తెలియనివాళ్ళకి ఆ చీకటి కాస్త చోటు ఇస్తుంది.

గీత పదకొండో అధ్యాయంలో అర్జునుడు ఈ రెండు తరాల ప్రేక్షకుడూ తానే అయ్యాడు. నీ అసలు రూపం చూపించమని అడిగింది ఆయనే. చూపించాక కోరల మధ్య నలిగిన తలలు చూసి, ఒళ్ళు గగుర్పొడిచి, ఈ రూపం వద్దు, మొదటి రూపంలోకి వచ్చెయ్యమని వేడుకున్నదీ ఆయనే. కృష్ణుడు వెంటనే కప్పేసుకున్నాడు. దాచడం అక్కడ భయపెట్టడానికి కాదు, దయ. సినిమావాళ్ళు దాన్ని తిప్పి వాడుకున్నారు, వాళ్ళ చేతిలో దాచడం జాలి లేని పని. 'ది ఇన్నొసెంట్స్' ముగిసేటప్పటికి ఒక పిల్లవాడు చచ్చి పడి ఉంటాడు, మనకి ఏమీ తెలియదు, ఎవరూ వచ్చి చెప్పరు. అంత కఠినం నాకు నచ్చదని అమ్మాయితో చెప్పాను. ఇది ముసలితనమేమో అంది. కావచ్చు, కాకపోవచ్చు. తలుపు తెరవకుండా భయపెట్టడం వచ్చినవాడు గొప్పవాడే. తలుపు అవతల నిజంగా ఎవరైనా ఉన్నారని నమ్మి అలా తీసినవాడు ఇంకా గొప్పవాడని నా పక్షపాతం.

పోయిన నెల అమ్మాయి ఫోన్ చేసింది. తను పనిచేస్తున్న సినిమాకి చివర్లో నిర్మాత ఒక పూజారి పాత్ర చేర్చమన్నాడట. అప్పటిదాకా ఇంట్లో ఉన్నది ఏమిటో చూపించని సినిమా, ఆఖరి పది నిమిషాల్లో పూజారి వచ్చి వదిలించి పోతే పెద్దవాళ్ళు కూడా చూస్తారని ఆయన లెక్క.

"ఒక మంత్రం చెప్పు నాన్నా, డబ్బింగ్‌లో పెట్టాలి. నీ గొంతుతోనే రికార్డు చేద్దాం."

"ఎవర్ని పంపించడానికమ్మా?"

"అది తేల్చలేదు. తేల్చకూడదని డైరెక్టర్ గారు."

"ఆడా, మగా?"

"అదీ తేల్చలేదు."

"పేరూ గోత్రమూ లేకుండా ఎవర్నని పిలిచేది, ఎవర్నని పొమ్మనేది? ప్రేతానికొకటి, గ్రహానికొకటి, ఊరికే పిల్లకి కల వస్తే ఇంకొకటి. ఏదో ఒకటి చదివెయ్యడానికి అదేమన్నా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజికా?"

పక్క గదిలోంచి అమ్మ వింటోంది. "ముందా పోయినదెవరో కనుక్కోమనవే" అని కేకేసింది. అమ్మాయి అవతల నవ్వుతోంది. నిర్మాతతో మాట్లాడి చెబుతానంది. రెండు రోజుల తర్వాత మెసేజ్ పెట్టింది: పూజారి పాత్ర ఉంది, గుమ్మం దాకా వస్తాడు, లోపలికి వెళ్ళాలా వద్దా అన్నది ఇంకా తెగలేదు, మంత్రం సంగతి అప్పుడు చూద్దాం.